పొగ రోజుల్లో మన హాళ్ల తలుపులు తెరవండి

ఉత్తర కాలిఫోర్నియాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, గుడి కమిటీల పెద్దలకు,

నమస్కారం.

వినాయక చవితి ఏర్పాట్లు మొదలయ్యేలోపే ఈ ఉత్తరం మీకు అందాలని రాస్తున్నాను. పార్కు బుక్ అయ్యాక, ఫ్లయర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలయ్యాక, స్పాన్సర్లకు మాట ఇచ్చేశాక ఇక ఏదీ మార్చలేమని మీరంటారు. నిజమే, అప్పుడు మార్చడం కష్టం. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మనుషులు తట్టుకోలేని ఎండ, కార్చిచ్చు పొగ ఒకేసారి మీద పడే రోజులు ఇక్కడ వస్తుంటాయి. అలాంటి రోజుల్లో బయట పెట్టుకున్న కార్యక్రమాలు ఆపేయండి. మన హాళ్లను చల్లగా, శుభ్రమైన గాలితో ఉంచి పెద్దవాళ్ల కోసం తెరవండి. నేను కోరేది ఇంతే. ఎందుకు కోరుతున్నానో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మన ఊళ్లలో ఎండలు ముదిరేది ఏప్రిల్, మే నెలల్లో. జూన్‌లో తొలకరి పడితే నేల చల్లబడుతుంది, మనిషీ చల్లబడతాడు. ఇక్కడి లెక్క వేరు. ఏప్రిల్ తర్వాత చినుకు ఉండదు. మే నెలకే కొండల మీద గడ్డి ఎండి పసుపురంగుకు తిరుగుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి ఐదు నెలలుగా తడి ఎరగని గడ్డి, పొదలు, చెట్ల కొమ్మలు నిప్పురవ్వ పడితే చాలన్నట్టు ఉంటాయి. సముద్రం మీంచి వచ్చే చల్లని మంచుతెర వెనక్కి తగ్గి, లోపలి లోయల వేడి తీరం దాకా పాకేదీ తరచుగా ఈ రోజుల్లోనే. వేసవి అయిపోయిందని పిల్లలు బడికి వెళ్లిపోయాక, మనం పండుగలకు సిద్ధమయ్యే వేళకు, ఇక్కడి వేసవి అసలు రూపం చూపిస్తుంది.

2020 ఆగస్టు మీకు గుర్తుండే ఉంటుంది. 15వ తేదీ నుంచి మూడు రోజుల్లో దాదాపు 11 వేల పిడుగులు పడ్డాయి. వాన లేకుండా వట్టి మెరుపులు. వందల చోట్ల నిప్పంటుకుంది. ఫ్రీమాంట్, మిల్పిటాస్, లివర్‌మోర్‌లకు తూర్పున ఉన్న కొండల్లోనే దాదాపు 4 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. ఉత్తరాన మెండోసీనో అడవుల్లో కలిసిపోయిన మంటలు 10 లక్షల ఎకరాలు దాటాయి. ఈ రాష్ట్రపు ఆధునిక లెక్కల్లో అంత పెద్దది అంతకుముందు లేదు. ఆ ఏడాది చవితి ఆగస్టు 22న. కోవిడ్ వల్ల ఎలాగూ ఎవరి ఇంట్లో వాళ్లం చేసుకున్నాం కాబట్టి పందిళ్ల ప్రశ్నే రాలేదు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఆగస్టు 18 నుంచి సెప్టెంబరు 16 దాకా, వరసగా 30 రోజులు, గాలి బాగాలేదన్న హెచ్చరిక ఎత్తేయలేదు. సెప్టెంబరు 9న ఆకాశం నారింజ రంగుకు మారి, పట్టపగలు లైట్లు వేసుకున్న ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ రోజు పొగ ఎక్కువగా పైనే నిలిచిపోయింది. కింద మనం పీల్చే గాలి బాగా చెడిపోయింది ఆ తర్వాతి రోజుల్లో, ఆకాశం మామూలు బూడిదరంగులో కనిపించినప్పుడు. కంటితో చూసి గాలిని అంచనా వేయకూడదు అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక 2022. ఆ ఏడాది చవితి ఆగస్టు 31న వచ్చింది. సరిగ్గా అప్పుడే మొదలైన వడగాడ్పులు నవరాత్రులు ముగిసేదాకా వదల్లేదు. సెప్టెంబరు 5న లివర్‌మోర్‌లో 116 డిగ్రీల ఫారన్‌హీట్. 6న శాక్రమెంటో డౌన్‌టౌన్‌లోనూ 116, అంటే మన లెక్కలో దాదాపు 47 సెల్సియస్. అక్కడ అంతకుముందున్న రికార్డు 1925 నాటిది. చల్లటి ఊరని మనం చెప్పుకునే శాన్ హోసేలో 109. ఆ సాయంత్రం కరెంటు వాడకం 52 వేల మెగావాట్లు దాటింది. వాడకం తగ్గించండని అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. జనం మాట విన్నారు కాబట్టి గ్రిడ్ నిలబడింది. అదే రోజు సాయంత్రం ప్లాసర్ కౌంటీ అడవిలో మాస్కిటో ఫైర్ అనే కార్చిచ్చు అంటుకుంది. ఫోల్సమ్, రోజ్‌విల్ వైపు ఉన్న మనవాళ్లకు ఎండ పూర్తిగా తగ్గకముందే పొగ మొదలైంది.

ఆ వారంలో నేను చూసిన పందిరి ఒకటి చెప్పాలి. ఎవరిదో చెప్పను, వాళ్లు మంచి మనసుతో చేసిన పూజ అది. ఇంటి గరాజ్‌లో వినాయకుణ్ని పెట్టారు. మనలో చాలామంది చేసేదే. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి ఉంది, ఎదురుగా పడమటి ఎండ. మడత కుర్చీల్లో వెనక వరసలో పెద్దవాళ్లు, పట్టుచీరల్లో. ఒక మూల స్టాండ్ ఫ్యాన్ తిరుగుతోంది, వేడిగాలిని అటు నుంచి ఇటు తోస్తూ. హారతి అయ్యాక ఒకావిడ లేవబోయి మళ్లీ కుర్చీలో కూలబడ్డారు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. లోపలికి తీసుకెళ్లి, తడిగుడ్డలు వేసి, మజ్జిగ తాగించాక తేరుకున్నారు. అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేద్దామని ఒకరు అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "వద్దు నాయనా, ఎంత బిల్లు వేస్తారో ఏమో, నా కొడుక్కి భారం" అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇక్కడికి వచ్చే మన అమ్మానాన్నల్లో చాలామంది ఏప్రిల్, మేలో వచ్చి అక్టోబరుకు తిరిగి వెళ్తారు. అంటే పొగ కాలమంతా ఇక్కడే ఉంటారు. బీపీ, షుగర్, కొందరికి ఉబ్బసం, కొందరికి స్టెంట్లు. విజిటర్ ఇన్సూరెన్స్ చాలా పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు సరైన కవరేజీ ఉండదు. అది వాళ్లకూ తెలుసు. అందుకే ఆయాసం వచ్చినా చెప్పరు, తల తిరిగినా చెప్పరు, "ఏం లేదమ్మా, కాస్త నీరసం" అంటారు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఫోన్లకు వచ్చే హెచ్చరికలు ఇంగ్లీషులో, స్పానిష్‌లో వస్తాయి. తెలుగులో రావు. కారు నడపరు. లైబ్రరీలో చల్లగా కూర్చోవచ్చని తెలిసినా ఎవరు తీసుకెళ్లాలి?

మా అత్తగారిది ప్రొద్దుటూరు. ఇక్కడ ఎండ గురించి జాగ్రత్త చెప్పబోతే నవ్వేస్తారు. "మా ఊరి ఎండలు చూసినదాన్ని, ఇదొక ఎండా!" అంటారు. ఈ మాట మీ ఇళ్లలోనూ వినే ఉంటారు. దీనికి నేను చెప్పే జవాబు ఒకటుంది, మీ సభ్యులకు కూడా చెప్పండి. అక్కడ ఎండను తట్టుకునేది శరీరం ఒక్కటే కాదు, ఇల్లూ అలవాట్లూ కూడా. గది గదికీ సీలింగ్ ఫ్యాను, వసారా నీడ, నీళ్లు చల్లిన గచ్చు, మిట్టమధ్యాహ్నం ఎవరూ గడప దాటకపోవడం, కుండలో నీళ్లు, పలచటి మజ్జిగ. అన్నీ ఉన్నా 2015 మే నెల వడగాడ్పులు ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి 1,500 మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఇక్కడి పాత అపార్ట్‌మెంట్లు చలికి కట్టినవి. కింద కార్పెట్, పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ, సీలింగ్ ఫ్యాన్ లేదు, చాలావాటికి ఏసీ కూడా లేదు. వేడి లోపలికి వచ్చిందంటే బయటికి పోయే దారి రాత్రి తెరిచే కిటికీ ఒక్కటే.

పొగ ఉన్న రోజున ఆ కిటికీ తెరవకూడదు. మొత్తం సమస్య ఇక్కడే ఉంది. ఎండ ఒక్కటే అయితే రాత్రి కిటికీలు తీసి ఇల్లు చల్లబరచుకోవచ్చు. పొగ ఒక్కటే అయితే అన్నీ మూసుకుని కూర్చోవచ్చు. రెండూ కలిసి వస్తే ఏసీ లేని ఇంట్లో మనిషికి దారి లేదు. వేడిని తట్టుకోవడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోయాలి. అదే సమయంలో పొగలోని సన్నని నుసి, 2.5 మైక్రాన్ల కంటే చిన్నది, ఊపిరితిత్తుల అడుగు దాకా దిగి రక్తనాళాల్ని కూడా ఇబ్బంది పెడుతుంది. బీపీకి వేసుకునే నీరు పోయే మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి (వాటిని సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం, డాక్టరును అడగాలి). వయసు పైబడ్డవాళ్లకు దాహమూ సరిగ్గా తెలియదు.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014 నుంచి 2019 దాకా ఈ రాష్ట్రంలో జరిగిన దాదాపు 15 లక్షల మరణాల్ని పరిశీలించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. విపరీతమైన వేడి మాత్రమే ఉన్న రోజుల్లో మరణ ప్రమాదం మామూలు కంటే 6 శాతం పెరిగింది. గాలిలో నుసి మాత్రమే విపరీతంగా ఉన్న రోజుల్లో 5 శాతం. రెండూ కలిసిన రోజుల్లో 21 శాతం. 75 దాటినవాళ్ల మీద ఈ దెబ్బ ఇంకా గట్టిగా ఉంది. ఆరూ ఐదూ కలిపితే పదకొండు కావాలి కదా. ఆ మిగతా పది శాతం ఎవరి ఇంటి మనిషో ఒక్కసారి ఆలోచించండి.

మన ఊళ్లలో ఎండలు ముదిరితే గుడి ముందు చలివేంద్రం పెడతారు. ఎవరూ అర్జీ పెట్టనక్కర్లేదు, దారిన పోయే ఎవరైనా ఆగి తాగిపోతారు. నేనడిగే హాలు అలాంటిదే. ఇక్కడ దాహం శుభ్రమైన గాలికి, చల్లదనానికి. మన గుళ్లలో చాలావాటికి ఏసీ ఉన్న హాలు ఉంది, పార్కింగ్ ఉంది, వంటగది ఉంది, తెలుగు మాట్లాడే మనుషులున్నారు. సిటీ నడిపే కూలింగ్ సెంటర్‌కు మా అత్తగారు ఒక్కరే వెళ్లరు. భాష రాదు, ఎవరూ తెలియరు, కూర్చుని ఏం చేయాలో తోచదు. గుడికైతే రమ్మనగానే చెప్పులు వేసుకుంటారు.

హాలు తెరిస్తే చాలదు, గాలి సంగతీ చూడాలి. ఏసీ యంత్రానికి మెర్వ్ 13 రకం ఫిల్టర్ పడుతుందేమో టెక్నీషియన్‌ను అడగండి. సన్నని నుసిని పట్టేది ఆ రకం. బయటి గాలిని లోపలికి లాగే డాంపర్ ఉంటే పొగ రోజుల్లో దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో కూడా ఆయన్నే అడగండి. అది చాలకపోతే 2020లో ప్రాచుర్యంలోకి వచ్చిన కోర్సీ-రోసెంతాల్ పెట్టె ఉంది. నాలుగు మెర్వ్ 13 ఫిల్టర్లను నాలుగు గోడలుగా నిలబెట్టి, కింద అట్ట, పైన 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్ పెట్టి టేపు చుట్టడమే. పాతబడ్డ ఫ్యాన్లు మాత్రం వాడకండి, కొత్తది కొనండి. మన హైస్కూలు పిల్లలు ఒక శనివారం కూర్చుంటే ఇలాంటివి పది తయారవుతాయి, వాళ్లకు వాలంటీర్ గంటలూ వస్తాయి. మా ఇంట్లో ఒకటి ఉంది. కొత్తగా పెట్టినప్పుడు ఫిల్టర్లు తెల్లగా ఉంటాయి. పొగ రోజులు కొన్ని గడిచాక చూస్తే మడతల మధ్య బూడిదరంగు పట్టి ఉంటుంది. అది చూశాక మా అత్తగారు ఎండ గురించి నవ్వడం మానలేదు గానీ, పొగ గురించి నా మాట వింటున్నారు.

ఇక్కడ పూజారులకూ వంటవాళ్లకూ ఒక మనవి. హాలులో పెద్దవాళ్లు శుభ్రమైన గాలి కోసం కూర్చున్న రోజున లోపల హోమం వద్దు. అగరుబత్తీల కట్టలు వద్దు. ఒక్క దీపం చాలు. దేవుడేమీ అనుకోడు. వంటగదిలో పోపు వేసేటప్పుడు చిమ్నీ వేయండి, హాలు వైపు తలుపు మూయండి. వీలైతే ఆ రోజుకు పెరుగన్నం, పండ్లు, మజ్జిగతో సరిపెట్టండి. నూనె మరిగించే వంటలు, మిరపకాయల ఘాటు కూడా గాలిలోకి నుసినే వదులుతాయి.

రెండో పని ఫోన్లు. పండుగలకు చందాల కోసం మీ దగ్గర సభ్యుల జాబితాలు ఉన్నాయి. వేసవి మొదట్లోనే ఒక ప్రశ్న చేర్చండి: "ఈ ఏడాది మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటున్నారా, ఇంటికి ఏసీ ఉందా?" ఇష్టమున్నవాళ్లే చెప్తారు. వేడి, పొగ కలిసిన రోజున వాలంటీర్ ఒకరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి నేరుగా ఆ పెద్దవాళ్లతోనే మాట్లాడాలి. కొడుకుతోనో కోడలితోనో మాట్లాడితే లాభం లేదు, వాళ్లు ఆఫీసులో ఉంటారు. నీళ్లు తాగారా, తల నొప్పిగా ఉందా, మాట తడబడుతోందా. మాట తేడాగా వినిపించినా, అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ కావచ్చు, వెంటనే 911. బిల్లు సంగతి సంఘం తర్వాత చూసుకుంటుందని ముందే ప్రకటించండి. దానికి చిన్న నిధి ఒకటి పెట్టండి. ఆ ఒక్క మాట ధైర్యంతోనే చాలామంది నోరు తెరిచి బాధ చెప్తారు.

కార్యక్రమాల విషయంలో తేదీకి ముందే ఒక గీత గీసుకోండి. గాలి నాణ్యతా సూచీ 100 దాటితే పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న కార్యక్రమం లోపలికి మారాలి. 150 దాటితే బయట ఏదీ జరగకూడదు, పిల్లల క్రికెట్ ప్రాక్టీసుతో సహా. పరిగెత్తే పిల్లవాడు కూర్చున్న పెద్దమనిషి కంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. నిమజ్జనం ఊరేగింపు అయినా ఇదే మాట. ప్రభుత్వం నడిపే ఎయిర్‌నౌ సైట్‌లోని ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అంకెను చూసి నిర్ణయం చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మాటకు అధ్యక్షులైనా ఎదురు చెప్పకూడదు. నలుగురూ కూర్చుని ఓటు వేస్తే పందిరి ఆగదు, నాకు తెలుసు. మాస్కులు పంచితే ఎన్95లే పంచండి. గుడ్డ మాస్కు ఈ నుసిని ఆపదు.

పందిరి కట్టడానికి, టెంట్లు వేయడానికి, వంటకు మీరు డబ్బిచ్చి పెట్టుకునేవాళ్ల గురించి కూడా ఒక మాట. వాళ్లలో చాలామంది స్పానిష్ మాట్లాడేవాళ్లు, వద్దనలేని పరిస్థితిలో ఉన్నవాళ్లు. బయట పనిచేసేవాళ్లకు గంటకు దాదాపు లీటరు చొప్పున తాగునీరు, 80 డిగ్రీలు దాటితే నీడ ఇవ్వాలని ఈ రాష్ట్ర చట్టం చెప్తుంది. నుసి వల్ల గాలి నాణ్యతా సూచీ 151కి చేరితే మాస్కులివ్వాలి. 2024 జులై నుంచి లోపల పనిచేసేవాళ్లకూ 82 డిగ్రీల దగ్గర వేడి నిబంధనలు వర్తిస్తున్నాయి, అంటే మన వంటగదులకూ. కాంట్రాక్టరు చూసుకుంటాడని వదిలేయకండి. పిలిచింది మనం.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు ఊహించగలను. లయబిలిటీ ఇన్సూరెన్స్, వాలంటీర్ల కొరత, కరెంటు బిల్లు. పెళ్లికీ సంగీత కచేరీకీ హాలు ఇచ్చినప్పుడు పనికొచ్చిన ఇన్సూరెన్స్ దీనికి పనికొస్తుందా అని మీ ఏజెంటును ఒక్క ఫోన్ చేసి అడగండి. కౌంటీ వాళ్లకూ, స్థానిక వాయు నాణ్యత జిల్లాకూ ఒక ఈమెయిల్ పెట్టండి. పొగ రోజుల్లో జనానికి స్వచ్ఛమైన గాలి కేంద్రాలు ఏర్పాటు చేయడానికి 2019లో ఏబీ 836 పేరుతో రాష్ట్రం చట్టమే చేసింది. వాలంటీర్లంటారా, ఏడాదికి ఇలాంటి రోజులు కొన్నే వస్తాయి, కొన్నేళ్లు అసలు రావు. గాయకుల టికెట్లకూ వేదిక అలంకరణకూ మనం పెట్టే ఖర్చులో చిన్న వాటాతో ఈ పని అయిపోతుంది. ఆ ఖర్చు తప్పనడం లేదు. పండుగలు ఉండాలి, పాటలూ ఉండాలి. కానీ ఆ పాటలు వినడానికి ముందు వరసలో కూర్చునే అమ్మమ్మలూ తాతయ్యలూ బాగుండాలి.

వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ విషయం చేర్చండి. ఏ హాలు, తాళం ఎవరి దగ్గర, అంకె చూసేది ఎవరు, పొద్దున ఫోన్లు చేసేది ఎవరు. ఈ నాలుగూ తేలితే మిగతావి తేలుతాయి. ట్రై వ్యాలీ (లివర్‌మోర్, ప్లెజంటన్, డబ్లిన్) వైపు ఫోన్ల బాధ్యత నేను తీసుకుంటాను. ఫిల్టర్ పెట్టెలు చేయడం పిల్లలకు నేర్పించడానికి మా వీధిలో ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు. మీ నుంచి పేర్లు, తేదీ రాగానే పని మొదలుపెడతాం.

ఇట్లు,
ట్రై వ్యాలీలో ఉంటున్న మీ సంఘ సభ్యురాలు